కొలత తెలిసిన దాసోహము

ఇచ్చువాని చేతిని లోకము చూచును, మెచ్చుకొనును. పుచ్చుకొనువాని పాదమును చూచువారు అరుదు. బాలుని పాదమునకు రెండంగుళములు పెద్దదైన బూటు ఎంత వెలగలదైనను వానికది బూటు కాదు, బరువు. గాలి నిలువని బంతి బంతి కాదు. చినిగిన చొక్కాలను మూటగట్టి పంపినచో ఇచ్చిన యిల్లు శుభ్రమగును. పుచ్చుకొన్న యింట చెత్త చేరును. దానమునకును దాసోహమునకును గల భేదము ఇచ్చటనే తెలియును. దానమున ఇచ్చువాడు పెద్ద. దాసోహమున ఇచ్చువాడు దాసుడు, పుచ్చుకొనువాడు పూజ్యుడు. ఆఫ్రికా ఖండమందలి యొక పల్లె బడికి ఫుట్‌బాల్ ఆటసామగ్రిని సేకరించి పంపుట యను చిన్న కార్యమును ఆధారముగా గొని ఈ భేదమును విచారించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

గోదావరి సీమకు ఆఫ్రికాతో పొత్తు

గోదావరి డెల్టాకును ఆఫ్రికాకును సంబంధమేమని కొందరు సందేహింపవచ్చును. కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయ సముద్రమును చేరుచోట, కోరంగి యను ప్రసిద్ధమైన రేవు ఉండెను. 19వ శతాబ్దమున ఆ రేవులో ఓడలెక్కి మారిషస్ ద్వీపపు చెరకుతోటలకు కూలికి పోయిన తెలుగువారు కలరు. ఆ ద్వీపమున తెలుగువారికి కోరంగివారను పేరు ఆ రేవును బట్టియే కలిగినది. దక్షిణాఫ్రికా యందలి నేటాలుకు 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి 342 మందిని చేర్చెను. అటుతరువాత వచ్చిన ఓడలలో తెలుగు కుటుంబములు అనేకముండెను. వారి పిల్లలకు చాలినన్ని బడులను ప్రభుత్వము కట్టింపలేదు. కష్టజీవులే చందాలు వేసికొని బడులు కట్టించి, పిమ్మట ప్రభుత్వపు సహాయము పొందిరి. దక్షిణాఫ్రికా భారతీయుల ఫుట్‌బాల్ సంఘము 1903లో ఏర్పడినప్పుడు దాని పోటీకి కావలసిన కప్పును కింబర్లీ నగరవాసియైన శామ్ చైనా బహూకరించెను. పరదేశమున బడియు ఆటయు పదిమంది చేతి సాయముతోనే నిలిచినవని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చుటయు ఈ సీమకు క్రొత్త కాదు. మండపేటలో 1841లో జన్మించి, లంకల గన్నవరమునకు కోడలుగా వచ్చి, 1909లో పరమపదించిన డొక్కా సీతమ్మగారి అన్నదానము తెలియని యిల్లు కోనసీమలో లేదు. ఆమె కీర్తికి కారణము వండిన రాసులు మాత్రమే కాదు. నదులు దాటి అలసివచ్చిన బాటసారి ఏ వేళకు వచ్చిన ఆ వేళకే విస్తరి వేయుట ఆమె నియమము. ఆకలిగొన్నవాని వేళయే ఆమెకు వేళ. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. అన్నమునకు ఆమె పాటించిన నియమమునే వస్తువులకు పాటించిన యెడల ఈ పాఠము చెప్పవలసినదంతయు చెప్పినట్లే యగును.

పాదరక్ష యెందులకు?

ఆటసామగ్రి విలాసవస్తువని తలచువారు కలరు. అది సరికాదు. ఇథియోపియా దేశపు ఎత్తు ప్రాంతములలో అగ్నిపర్వతములవలన పుట్టిన ఎర్రమన్ను కలదు. ఆ మంటిలో ఏండ్ల తరబడి వట్టికాళ్లతో నడచువారిలో కొందరికి పాదములు వాచి, చర్మము మందమై, కాలు స్తంభమువలె నగును. దీనిని పోడోకోనియోసిస్ అందురు. చూపునకు ఇది గోదావరి డెల్టావారు చిరకాలముగా ఎరిగిన బోదకాలువలె నుండును. కాని బోదకాలు దోమకాటుతో శరీరమున చేరిన పురుగువలన కలుగును. ఈ వ్యాధిలో దోమయు లేదు, పురుగును లేదు, మన్నే కారణము. బ్రిటిషు వైద్యుడు ఎర్నెస్ట్ ప్రైస్ 1970 తరువాతి దశకమున దీనిని పరిశోధించి వెల్లడించెను. చిన్ననాటినుండి జోడు తొడుగుకొని, పాదములను కడుగుకొనుచున్నచో ఈ వ్యాధిని నివారింపవచ్చును. మందులకు లొంగని కష్టమును ఒక జత చెప్పులు అడ్డగించుననగా ఆ చెప్పులను విలాసమని యెట్లనవచ్చును?

కొంకిపురుగు సంగతియు నిట్టిదే. మలముచే చెడిన తడినేలలో దాని పిల్లలు పొంచియుండి అరికాలి చర్మమును తొలుచుకొని లోనికి పోవును. ప్రేగులను చేరి రక్తమును పీల్చును. పిల్లలు పాలిపోయి, చదువున మందగింతురు. భారతదేశమున 2015 నుండి నులిపురుగుల నివారణ దినములు జరుపబడుచున్నవి. బడులలో ఫిబ్రవరి 10వ తేదీని, ఆగస్టు 10వ తేదీని పిల్లలకు మాత్రలు మ్రింగించుట వాడుక. మాత్ర పురుగును చంపును. జోడు పురుగును రానీయదు. రెండును కావలసినవే.

ఇట్లనుటచే వట్టికాళ్లతో ఆడినవారు తక్కువవారని అర్థము కాదు. 1948 జూలై 31న లండను ఒలింపిక్ పోటీలలో ఫ్రాన్సుతో ఆడిన భారత జట్టులో పెక్కుమంది బూట్లు లేకుండనే ఆడిరి. ఒక్క గోలు తేడాతో, 2–1గా మాత్రమే ఓడిరి. 1952లో హెల్సింకిలో చలినేలపై యుగోస్లావియాతో 10–1గా ఓడిన పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. ఆ జట్టునకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాస్తవ్యుడు, వృత్తిచే బడిపంతులు. ఆయన శిక్షణలో భారతదేశము 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. నేర్పు కాలిలో నున్నను, నేలకు తగిన జోడు కావలెనన్న సంగతిని భారతదేశమే ఓడి నేర్చుకొనినది.

అధికమును తిప్పి పంపిన లక్కమ్మ

అవసరము నిజమే. అందుచే దొరికినదెల్ల పంపవచ్చునా? శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య వృత్తాంతము ప్రసిద్ధము. రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చి, వానితో దాసోహము నడపుట ఆయన కాయకము. ఒకనాడాయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతోషింపలేదు. నాటి అవసరమునకు మించినది ఆశ యగునని చెప్పి, అధికమును తెచ్చినచోటనే విడిచి రమ్మనెను. సేకరణ చేయువారందరును ముందుగా నేర్వవలసినది లక్కమ్మ చెప్పిన ఈ హద్దు.

ఈ హద్దు తెలియనందున కలిగిన అనర్థములు కంటికెదుటనే కలవు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు తీరమునకు దేశమంతటినుండి పాతబట్టలు వచ్చిపడినవి. వానిలో పెక్కు అచ్చటివారు కట్టుకొననివి, కట్టుకొనజాలనివి. అవి రోడ్డు ప్రక్కల గుట్టలై వానకు నానినవి. సర్వస్వము కోల్పోయిన జాలరులు ఇంకొకరు విడిచిన బట్టలను ఆ గుట్టలనుండి ఏరుకొనుట తమ మానమునకు లోపమని తలచిరి. అది వారి గర్వము కాదు, ఇచ్చినవారి అజాగ్రత్త. 1999లో అంశు గుప్త స్థాపించిన గూంజ్ సంస్థ ఆ గుట్టలను ఏరి, ఉతికించి, ఉపయోగకరమైన వస్తువులుగా మార్పించుటకు పూనుకొనినది.

ఆఫ్రికాలో ఈ సమస్య ఇంకను పెద్దది. ధనిక దేశములలో ధర్మమునకని ఇచ్చిన బట్టలలో అధికభాగము మూటలుగా అమ్ముడుపోయి అచ్చటి బజారులను చేరును. కెన్యా, టాంజానియాలలో వానిని మితుంబా అందురు. వానిని కొని అమ్మి బ్రతుకువారు వేలకొలది కలరు; వానివలన పని పోగొట్టుకొన్న నేతగాండ్రును, దర్జీలును కలరు. 2016లో తూర్పు ఆఫ్రికా దేశముల కూటమి పాతబట్టల దిగుమతిని క్రమముగా మాన్పింప నిశ్చయించినది. రువాండా సుంకమును పెంచగా, 2018లో అమెరికా ఆ దేశపు వస్త్రములకిచ్చుచుండిన సుంకపు మినహాయింపును నిలిపివేసినది. ఒకరింటి బీరువా ఖాళీ చేయుట ఇంకొక దేశపు కుట్టుమిషనును ఆపివేయగలదన్నమాట. సదుద్దేశము ఒక్కటియే చాలదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

ముందు ఉత్తరము, పిమ్మట మూట

కనుక సేకరణ పెట్టెను తెరచుటకు ముందు ఉత్తరము వ్రాయవలెను. ఆ బడి ప్రధానోపాధ్యాయుని అడుగవలసినవి కొన్ని కలవు. పిల్లలెందరు? ఏ వయసువారు? ఆడపిల్లలును ఆడుదురా? ఆటస్థలము గడ్డినేలయా, గట్టినేలయా, ఇసుకయా? పాదముల కొలతలెట్లున్నవి? అచ్చట దర్జీ కలడా? చెప్పులు కుట్టువాడు కలడా? బంతికి గాలికొట్టు పంపు ఉన్నదా? వచ్చిన మూటపై రేవులో సుంకము కట్టవలసివచ్చునా? అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు: వారికి మొదట కావలసినది ఆటసామగ్రియేనా? వారు నీటికుండీ కావలెననినచో బంతులను పంపి తృప్తిపడుట దాసోహము కాదు.

కొలత తీయుట యెట్లో తెలుగు పల్లెల బడులకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఆరంభించిన విద్యాకానుక పథకమున ప్రతి విద్యార్థికి పుస్తకములు, సంచి, బెల్టు, బూట్లు, రెండు జతల మేజోళ్లు, మూడు జతల బట్టలకు గుడ్డ ఇచ్చుచుండిరి. పథకము పేరు తరువాత మారినది. అందు గమనింపదగినవి రెండు విషయములు. బూట్ల కొరకు ఉపాధ్యాయులు పిల్లల పాదముల కొలతలను తీసి పంపిరి. బట్టలను కుట్టించి పంచుటకు మారుగా గుడ్డనిచ్చి, కుట్టుకూలి సొమ్మును తల్లులకు చేర్చిరి. ఊరి దర్జీకి పని దొరికినది. బిడ్డకు ఒంటికి సరిపడు చొక్కా దొరికినది. కాగితముపై పిల్లవానిని నిలువబెట్టి పెన్సిలుతో పాదము చుట్టు గీత గీసి, అంగుళములు వ్రాసి పంపుటకు ఏ దేశమునందైనను పెద్ద ఖర్చు లేదు.

హరళయ్య శరణుని కథను ఇచ్చట స్మరింపవలెను. తాను చేసిన నమస్కారమునకు బసవేశ్వరుడు రెండింతలు ప్రతినమస్కారము చేయగా, ఆ ఋణమెట్లు తీరునని హరళయ్య తపించి, తన తొడ చర్మమును, భార్య తొడ చర్మమును తీసి జోడు కుట్టి సమర్పించెనట. బసవేశ్వరుడు వానిని కాళ్లకు తొడుగుకొనక శిరసున ధరించెనని చెప్పుదురు. ఆ జోడు విలువ తోలులో లేదు. ఎవరి పాదముల కొరకు కుట్టబడినదో వారిపైగల గౌరవములో నున్నది. పేరు తెలియని పల్లె బాలుని పాదమును అట్టి గౌరవముతో తలచి కొలత తీసినప్పుడు చెప్పుల జత దాసోహమగును.

ఉతుకుట, కుట్టుట, జతపరచుట

కొలతలు వచ్చిన పిమ్మట సేకరణ. ఫుట్‌బాల్ నియమముల ప్రకారము ఆటగానికి చేతులుగల చొక్కా, పొట్టి లాగు, మేజోళ్లు, మోకాలి క్రింది ఎముకకు రక్షణపలక, బూట్లు కావలెను. జట్టున పదకొండుగురు. రెండు జట్లవారు వేరువేరు రంగులు ధరింపవలెను. గోలు కాచువాని రంగు ఈ రెంటికిని భిన్నముగా నుండవలెను. కావున పది యిండ్లనుండి పది రంగుల చొక్కాలు తెచ్చి పంపినచో అవి జట్టు కానేరవు. ఒకే రంగు చొక్కాలు లేనిచో, చొక్కాపై తొడుగుకొను చేతులు లేని పలుచని రంగు అంగీలను కుట్టించి పంపినను బడి ఆటలకు చాలును.

బంతి విషయమును తెలిసికొనవలెను. పన్నెండేండ్లు దాటినవారికి అయిదవ నంబరు బంతి: చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు, బరువు 410 మొదలు 450 గ్రాములు. ఎనిమిది మొదలు పన్నెండేండ్లలోపు వారికి నాలుగవ నంబరు బంతి తగినది. పెద్ద బంతిని చిన్నపిల్లల కిచ్చుట పెద్ద కాడిని లేగదూడ మెడపై వేయుటవంటిది. గాలి తీసి మడచినచో ఇరువది బంతుల బరువు 9 కిలోలకు మించదు. కాని పంపును, దాని సూదులును వేయ మరచినచో అవన్నియు తోలుముక్కలే. సూది వెల స్వల్పము. అది లేని నష్టము మొత్తము. సాగిన అతుకులను సరిచేయుటకు మైనపు దారము, గట్టి సూదియు చేర్చవలెను.

బూట్ల అడుగున నుండు మేకులవంటి గుండీలను చూడవలెను. పొడుగు గుండీలు మెత్తని పచ్చికకే తగినవి. ఎండకు బిగిసిన గట్టినేలపై అవి కాలి మడమను బాధించును, చీలమండ మెలిపడును. గట్టినేలకు పొట్టి గుండీలు అనేకముగా గలవి మేలు. అడుగు ఊడినది, తోలు పగిలినది పంపరాదు. కోనసీమ తీరమున వలలల్లు చేతులకు కొదవ లేదు, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తుగల గోలునకు వల అల్లుట వారికి కష్టము కాదు. తమ చేతిపనిని పంపుట పాత చొక్కాను పంపుటకంటె ఒక మెట్టు పైది.

మడివాళ మాచయ్య శరణుడు బట్టలుతుకు కాయకమునే పూజగా భావించెను. విడిచిన బట్ట మడి కావలెనన్నచో ఉతుకవలెను. సేకరించిన ప్రతి చొక్కాను ఉతికి, ఎండలో ఆరవేసి, ఊడిన గుండీని కుట్టి, మడచి, కొలతను వ్రాసి కట్టవలెను. పరీక్ష ఒక్కటియే: ఈ వస్తువును తన కన్నబిడ్డకు తొడిగి నలుగురిలోనికి పంపగలనా యని ఇచ్చువారు తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. పంపలేనన్న సమాధానము వచ్చినచో ఆ వస్తువు మూటలో చేరరాదు.

వస్తువా, ధనమా, కాయకమా?

కొన్ని సందర్భములలో వస్తువులకంటె ధనమే మేలు. మూటకు ఓడ కూలి, సుంకము కలిపినచో అచ్చటనే క్రొత్తవి కొనగలంత సొమ్ము కావచ్చును. అప్పుడు ఆ ఊరి దర్జీచేత చొక్కాలు కుట్టింపుమని ధనము పంపుటయే యుక్తము. ఆటయు నిలుచును, దర్జీయు నిలుచును. లెక్కవేసి చూడక పంపుట భక్తి కాదు.

పుచ్చుకొనువారిని పని లేనివారుగా తలచుటయు తప్పే. కెన్యా రాజధాని నైరోబీలోని మథారే పేటలో 1987లో బాబ్ మన్రో యువజన క్రీడాసంఘమును ఆరంభించెను. ఆ పేట పిల్లలు ప్లాస్టిక్ సంచులను త్రాడుతో చుట్టి బంతులు చేసికొని ఆడుచుండిరి. సంఘము వారికి నిజమైన బంతులను, పోటీలను సమకూర్చినది. కాని నియమమొకటి పెట్టినది. జట్లు తమ వీథులలోని చెత్తను ఎత్తివేయవలెను. అట్లు చేసిన జట్టునకు పోటీ పట్టికలో అంకములు కలుపుదురు. గోలు కొట్టినను అంకము, వీథి ఊడ్చినను అంకము. పైన చెప్పిన గూంజ్ సంస్థయు పల్లెవారు తామే బావి త్రవ్వుకొని, వెదురువంతెన కట్టుకొనిన పిమ్మట బట్టలను వారి శ్రమకు బహుమానముగా ఇచ్చును. అంశు గుప్తకు 2015లో మెగసెసే పురస్కారము లభించినది. కాయకము లేని దాసోహము నిలువదని శరణులు చెప్పిన తత్త్వమును దూరదేశపు పిల్లలు చీపురు పట్టి చూపుచున్నారు.

తెలుగునాట విదేశీయుల సహాయముతో పల్లెపిల్లల ఆటలు వర్ధిల్లిన తావు అనంతపురము. 1969లో అచ్చటికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆశ్రయమున, 2010లో స్పెయిన్ క్రీడాకారుడు రఫాయెల్ నాదల్ పేర టెన్నిస్ పాఠశాల వెలసినది. అచ్చట పిల్లల చేతికి రాకెట్టునిచ్చి ఊరకుండలేదు. ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు విద్యలు, పౌష్టికాహారము సమకూర్చిరి. వస్తువు ఒకనాటిది, గురువు, భోజనము, చదువు ప్రతిదినమునకు చెందినవి. ఆఫ్రికా బడికి బంతిని పంపువారు మరుసటి యేడును ఉత్తరము వ్రాయుదుమన్న సంకల్పముతో పంపవలెను.

చొక్కాపై ఎవరి పేరు?

దాత పేరును చొక్కా వెనుక పెద్ద అక్షరములతో అచ్చువేయించు వాడుక కలదు. ఆ చొక్కా తొడిగిన బాలుడు ఆడినంతసేపు ఋణపత్రమును మోయుచున్నట్లుండును. వెనుక ఆటగాని అంకె యుండవలెను. ముందు వాని బడి పేరుండవలెను. దాత పేరు లేకున్నను బంతి దొర్లును. పిల్లలను వరుసగా నిలిపి, మూట నందుకొనుచుండగా ఛాయాచిత్రములు తీయుటయు అట్టిదే. వారు ఆడుచుండగా తీసిన చిత్రము వచ్చినచో చాలును.

గోదావరి డెల్టావారు ఇచ్చినవారు మాత్రమే కాదు, పుచ్చుకొనినవారును. 1986 ఆగస్టు వరదలలో లంకలు మునిగినవి. 1996 నవంబరు 6 నాటి తుపానునకు కోనసీమ కొబ్బరితోటలు నేలకొరగినవి. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నిన్నటి ఆసామి మరునాడు చేయిచాచి నిలుచుట యెట్లుండునో ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ చేయి మరువనివారికి ఇచ్చు మర్యాద తెలియును. సమీపమున వట్టికాళ్లతో బడికి పోవు బిడ్డ యున్నచో ఆ బిడ్డ పాదమునే మొదట కొలువవలెను. పొరుగును దాటి చూపు సాగినప్పుడు, కోరంగి ఓడలు పోయిన త్రోవనే, పాదములకు సరిపడు జోళ్లు, గాలి నిలుచు బంతులు, వానితో గాలిపంపు, సూదియు సముద్రము దాటవలెను.

మననము చేయదగిన ప్రశ్నలు

1. దానమునకు, దాసోహమునకు గల భేదమును ఒక జత బూట్లను ఉదాహరణముగా గొని వివరింపుడు.

2. లక్కమ్మ అధికమైన బియ్యమును ఏల తిప్పి పంపెను? పాతబట్టల సేకరణకు ఆ నియమమెట్లు వర్తించును?

3. వస్తువులకు మారుగా ధనము పంపుట ఏ సందర్భమున యుక్తము?

4. ఇంటిలోని ఆటవస్తువులను నేడే పరీక్షించి, కన్నబిడ్డకు తొడుగదగినవి ఎన్నియో, కానివి ఎన్నియో వేరుపరచి లెక్కింపుడు.